నీళ్ళలో నిలిచిన పసుపు

తొమ్మిదో భాగం

పోయిన వారం మనం అమ్ములును క్లినిక్ మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ మనిషి ఇంకా అక్కడే ఉంది. చెప్పులు విడిచింది, మళ్ళీ తొడుక్కుంది, మళ్ళీ విడిచింది. లోపలికి మాత్రం పోలేదు.

మైలాపూరులో కోకిల నడిపే ఆ ఫిజియోథెరపీ క్లినిక్కులో వేడినీళ్ళ టబ్‌ను చూసుకునేది అమ్ములే. పదకొండేళ్ళుగా చింతాద్రిపేట నుంచి రైలెక్కి వచ్చి, తెల్లారేసరికి నీళ్ళు పరీక్షచేసి, టబ్ మూత తీసి, ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని లోపలికి దించుతుంది. ఆ టబ్‌లో నెల రోజులుగా మోకాలికి వ్యాయామం చేస్తున్న ధన్య నాలుగు రోజుల కిందట ఊపిరితిత్తుల జ్వరంతో ఆసుపత్రిలో చేరింది. ఆక్సిజన్ పెట్టారు. రెండుసార్లు మందులు మార్చినా జ్వరం దిగలేదు. ఇంకో ఇద్దరికి ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి. టబ్ మూసేశారు. నిన్న సాయంత్రం కోకిల ఫోన్ చేసి, "రేపు పది గంటలకు రా, రీడింగుల పుస్తకం గురించి మాట్లాడాల" అని, జవాబు కూడా వినకుండా పెట్టేసింది.

పది దాటి అయిదు నిమిషాలైంది. ఇక తప్పదని అమ్ములు లోపలికి అడుగు పెట్టింది.

కోకిల టబ్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో రోజూ నీళ్ళలో క్లోరిన్ కొలత రాసే రీడింగుల పుస్తకం. చేతిలో కత్తెర, నీలం టేపు చుట్ట. నొప్పి ఉన్న చోట చర్మం మీద అతికించే టేపు అది. మధ్యాహ్నం రాబోయే వాళ్ళ కోసం ముక్కలు కత్తిరిస్తోంది. ప్రతి ముక్కకూ నాలుగు మూలలూ గుండ్రంగా తీస్తుంది కోకిల. అలా తియ్యకపోతే బట్టకు తగులుకుని లేచిపోతుందట. తన కింద పనిచేసే ఇద్దరు అమ్మాయిలు ఆ పని చేస్తామన్నా ఇవ్వదు. మీకు ఓపిక లేదంటుంది.

గోడవారగా శంకర్ నిలబడి ఉన్నాడు. రాయపురంవాడు. చేపల రేవులో ఐసు మిషన్లు బాగుచేసి చేసి, ఇప్పుడు నగరంలో స్విమ్మింగ్ పూళ్ళూ టబ్‌లూ చూసుకుంటున్నాడు. ఈ టబ్‌కు ఓజోన్ మెషిన్ పెట్టింది అతనే. అమ్ములును చూసి తల ఆడించాడు కాని, ఎప్పటిలా నవ్వలేదు.

"రా అమ్ములూ. ఆడ కూర్చో" అంది కోకిల.

అమ్ములు కూర్చోలేదు. పదేళ్ళు చిన్నదైన కోకిల నోట 'అమ్ములక్కా' తప్ప ఇంకో పిలుపు ఆమె ఎన్నడూ వినలేదు. ఇవాళ ఆ అక్క ఎక్కడికో పోయింది.

కోకిల పుస్తకం తెరిచి వేలితో చూపించింది. "ఇది చూడు. పద్నాలుగు రోజులు. ఒకటిన్నర, ఒకటిన్నర, మళ్ళీ ఒకటిన్నర. ఒక్కరోజుకైనా మారలేదే? నలుగురు దిగిన రోజూ అదే, పదిమంది దిగిన రోజూ అదే. క్లోరిన్ అట్లా కదలకుండా కూర్చుంటుందా?"

"నాకేం తెలుసు మేడమ్? చూసిందే రాసినాను."

"నిజంగా చూసినావా? లేదంటే ముందురోజుది చూసి దింపినావా?"

"సత్యంగా చూసినాను. చుక్కలేసి, గొట్టం ఎత్తి, రంగుల అట్ట పక్కన పెట్టి చూసే రాసినాను. నీళ్ళు పసుపురంగుకు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు అని చెప్పింది మీరే కదా. తిరిగింది. దినమూ తిరిగింది. ఉన్నప్పుడు మళ్ళీ క్లోరిన్ పొడి వెయ్యద్దన్నారు. వెయ్యలేదు."

కోకిల కత్తెర పక్కన పెట్టింది. ఆమె కళ్ళకింద నల్లటి చారలు చూస్తే అమ్ములుకు జాలేసింది. ఈ సమయంలో జాలి ఏమిటని తన మీద తనకే కోపం కూడా వచ్చింది.

"ఇట్లా చూడు" అంది కోకిల, గొంతు తగ్గించి. "మొన్న ధన్యను చూస్తున్న డాక్టర్ శరత్‌చంద్ర నాకు ఫోన్ చేసినారు. మీ టబ్ నీళ్ళల్లో ఏమైనా తేడా ఉందా అని అడిగినారు. నేను ఈ పుస్తకం ముందర పెట్టుకుని, లేదు సార్, క్లోరిన్ రోజూ కరెక్టుగా ఉంది, దానిమీద ఓజోన్ కూడా ఉంది అని చెప్పినాను. సరేనని ఆయన నీళ్ళ సంగతి వదిలేసి వేరే కారణాలు వెతుకుతున్నారు. జ్వరం దిగలేదు. నువ్వు చూడకుండా రాసింటే ఇప్పుడైనా చెప్పు. నిన్ను పనిలోనుంచి తియ్యను, ఒక్కమాట అనను. ధన్యకు ఏ మందు ఇవ్వాల్నో దీనిమీదే ఉంది, అర్థమవుతోందా?"

అర్థం కాకపోవడమేమిటి! అమ్ములుకు అంతా అర్థమైంది. అర్థమైన కొద్దీ ఆమె మనసు ఒక విచిత్రమైన దారి పట్టింది. చూడలేదు అని ఒక్క అబద్ధం ఆడేస్తే సరిపోతుంది కదా. పుస్తకం తప్పని తేలిపోతుంది. డాక్టరు మళ్ళీ నీళ్ళవైపు చూస్తాడు. ఆ పిల్ల బతుకుతుంది. తన మాట పోతే పోయింది. పదకొండేళ్ళ మంచిపేరు పోతే పోయింది. ఆ మంచిపేరును ముద్దలో కలుపుకుని తింటానా ఏమన్నా అనుకుంది. మీరూ నేనూ అయితే ఇంకాసేపు వాదించి ఉండేవాళ్ళం. ఆమె వాదించలేదు.

"సరే మేడమ్. చూడకుండానే..."

"ఉండక్కా." శంకర్ గోడను వదిలి ముందుకొచ్చాడు. "ఆ మాట చెప్పే ముందర ఒక్కసారి, దినమూ ఎట్లా చేస్తావో అట్లనే ఇప్పుడు చేసి చూపించు. నేను చూడాల."

అమ్ములు అల్మారాలోంచి డబ్బా తీసింది. వేలెడంత గొట్టం, చుక్కల సీసా, పక్కన రంగుల అట్ట. వంగి, మూడు రోజులుగా కదలని టబ్ నీళ్ళలో గొట్టం ముంచి తీసింది. ఆమె చెయ్యి దానంతటదే సీసా మీదికి పోయింది. శంకర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"చుక్కలు వద్దు."

"చుక్కలెయ్యకుంటే రంగెట్లా తిరుగుతుంది?"

"అదే నేనూ చూడాలనుకునేది."

గొట్టం తీసుకుని అతను కిటికీ దగ్గరికి పోయాడు. ఈ గదిలో తెల్ల ట్యూబులైట్లు ఉంటే ఆసుపత్రిలా ఉందని పేషెంట్లు అన్నందుకు కోకిల పోయిన ఏడాది పసుపుపచ్చటి బల్బులు పెట్టించింది. టబ్ కూడా గంధం రంగుదే. ఆ వెలుగులో నీళ్ళ రంగు ఆ దేవుడికైనా కనిపించదు. శంకర్ కిటికీ తలుపు బార్లా తెరిచి, తెల్ల తువ్వాలు ఒకటి వెనకపెట్టి గొట్టం పైకెత్తాడు.

ఎండ పడ్డ ఆ గొట్టంలో నీళ్ళు లేత పసుపురంగులో ఉన్నాయి. చుక్క కూడా వెయ్యకుండానే.

కోకిల లేచి వచ్చింది. రంగుల అట్ట దాని పక్కన పెట్టి చూసింది. ఒకటిన్నర. సరిగ్గా ఒకటిన్నర.

"ఇదేంది శంకర్?"

"క్లోరిన్ కాదు మేడమ్. ఇంకోటి ఏదో." అతను ఇప్పుడు చుక్కలు వేశాడు. గొట్టం ఆడించాడు. రంగు ఉన్నది ఉన్నట్టే ఉంది. ఇంతైనా పెరగలేదు, ఇంతైనా తగ్గలేదు. "చూసినారా? క్లోరిన్ ఉంటే ఇంకా ముదరాల. నీళ్ళల్లో ఒక్క చుక్క క్లోరిన్ లేదు. అక్క అబద్ధం రాయలేదు. ఆమె చూసింది పసుపే. కాకుంటే ఇది వేరే పసుపు."

గొట్టం అంచుకు నూనెతెట్టు సన్నటి గీతలా పట్టి ఉంది. శంకర్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, అమ్ములుకు అందించాడు. ఆమె వాసన చూడాల్సిన అవసరమే లేకపోయింది. తన కుడిచేతి గోళ్ళ వైపు చూసుకుంది. ఎంత తోమినా పోని పసుపు, గోళ్ళ అంచుల్లో సన్నగా మెరుస్తోంది.

"అయ్యో కడవులే, దేవుడా" అంది. మరుక్షణం స్టూలు మీద కూలబడింది. ఇప్పుడు ఎవరూ కూర్చోమనలేదు.

అమ్ములు తల్లి చింతాద్రిపేటలో బాలింతలకు నీళ్ళుపోసేది. నువ్వుల నూనె గరిటెలో వెచ్చచేసి, చిటికెడు పసుపు కలిపి కీళ్ళకు మర్దన చేస్తే ఎంత బిగుసుకున్న కాలైనా సాగుతుందని ఆవిడ నమ్మకం. అమ్ములుకు తల్లినుంచి వచ్చిన ఆస్తి ఆ నూనె చెయ్యి ఒక్కటే. క్లినిక్కులో దాన్ని వాడకూడదని, టబ్‌లో దిగేముందు ప్రతి ఒక్కరూ షవర్ కింద నిలబడి ఒళ్ళు కడుక్కోవాలని గోడమీద బోర్డు ఉంది. పదకొండేళ్ళు ఆ బోర్డు మాట అమ్ములు జవదాటలేదు. ధన్య వచ్చేదాకా.

ధన్యది ఖమ్మం. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హాస్టల్ గది. స్కూటర్ మీంచి పడి మోకాలు ఆపరేషన్ అయింది. మొదటిరోజు టబ్ మెట్లు దిగలేక ఏడ్చేసింది. రెండో రోజు, "అమ్ములక్కా, మా అమ్మ ఉంటే ఇంత నూనెన్న రాసేది. గీడ నాకెవరున్నరు?" అంది. ఆ ఒక్క మాటకు అమ్ములు కరిగిపోయింది. మర్నాడే చిన్న సీసాలో నూనె తెచ్చింది. ఒంటికాలి మీద షవర్ కింద నిలబడలేకపోతోందని, తడిగుడ్డతో పైపైన తుడిచి అలాగే నీళ్ళలోకి దించింది. ఆ పిల్ల మోకాలు వారంలో ఇంకో రెండంగుళాలు వంగింది. అది చూసిన మిగతా ఆడవాళ్ళు ఊరుకుంటారా? మాకూ రాయవే అమ్ములూ అని వరసకట్టారు. ఎవరికి కాదనగలదు?

అంతా చెప్పేసింది. ఎక్కడా దాచలేదు. చెప్పేటప్పుడు కోకిల ముఖం చూడలేక టబ్ వైపు చూస్తూ చెప్పింది.

"అబద్ధం రాసినానని ఒప్పుకుంటే పోయేది మేడమ్. ఇది దానికంటే పెద్ద తప్పు. నా చేత్తోనే ఆ పిల్లకు..." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడవనివ్వండి. ఎవరికైనా మంచి చెయ్యబోయి చేతులు కాల్చుకున్న వాళ్ళకే ఆ ఏడుపు తెలుస్తుంది.

కోకిల కోప్పడలేదు. అదే అమ్ములుకు వింతగా అనిపించింది. ఆమె టేపు చుట్ట చేతిలోనే ఉంచుకుని, కిటికీ చువ్వ పట్టుకుని వీధిలోకి చూస్తూ నిలబడింది.

శంకర్ మాత్రం గొట్టాన్ని ఇంకా వదల్లేదు. అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తున్నాడు.

"ఒకటి నాకు అర్థం కావడంలే" అన్నాడు. "నూనె, పసుపు పడినాయి. సరే. కానీ అవి నెల్నుంచి పడతాండాయి కదా. పుస్తకంలో మొదటి రెండు వారాలు రీడింగు కిందా మీదా అయ్యింది. అంటే అప్పుడు రంగు నిలబడలేదు. తరవాతే నిలబడింది. ఓజోన్ నడుస్తాంటే ఈ పసుపు ఒక పూట కూడా ఉండదు మేడమ్. మెషిన్లో గాలి మీద కరెంటు కొట్టి ఓజోన్ చేస్తాము. అది బుడగలుగా నీళ్ళల్లోకి పోయి నూనెను, చెమటను, క్రిమిని, దేన్నైనా కాల్చేస్తుంది. రంగును కూడా వదలదు. పని కాగానే పోతుంది, నీళ్ళల్లో నిలబడదు. అందుకే కాపలాకు కొంచెం క్లోరిన్ కూడా ఉండాలన్నాను."

"నూనె ఎక్కువై దాని శక్తి చాల్లేదేమో" అంది కోకిల, ఇటు తిరక్కుండానే.

"చాలకుంటే దాని పని కొంచెం తగ్గల్ల. మొత్తానికి ఎట్లా పోతుంది?"

అమ్ములు కళ్ళు తుడుచుకుంది. "ఆ ఘాటు వాసన ఉండేది కదా శంకర్, మెరుపు మెరిసినాక వస్తుందే, అట్లాంటిది. మూత తీయంగానే గుప్పుమనేది. ధన్యకు, ఇంకా ఇద్దరు ముగ్గురికి దగ్గొచ్చేది. మేడమ్‌తో చెప్పినాను కూడా. రెండు వారాలుగా ఆ వాసన లేదు. నువ్వొచ్చి బాగుచేసినావని సంతోషపడినాను."

"నేనా?" శంకర్ ఆశ్చర్యంగా చూశాడు. "నేను ఈడికి వచ్చి నెలన్నర అయిందక్కా. వాసన వస్తోందని నాకు ఎవరూ చెప్పనే లేదు. చెప్పుంటే గాలి బయటికి పోయే దారి సరిచేసి పోయుందును."

కోకిల చేతిలోంచి టేపు చుట్ట జారి కిందపడింది. దొర్లుకుంటూ పోయి టబ్‌కు తగిలి ఆగింది. వంగి తీసుకోవడానికి ఆమెకు చాలా సేపు పట్టింది.

"నేను మెషిన్ విప్పి చూస్తాను" అని శంకర్ స్క్రూడ్రైవర్ తీసుకుని టబ్ పక్కన నేలమీద పడుకున్నాడు.

"అది తరవాత చూద్దువు. ముందు డాక్టరుకు చెప్పాల" అంది కోకిల.

ఆ మాట నిజమే. అమ్ములు లేచి నిలబడింది. "నేనే చెప్తాను మేడమ్. చేసింది నేను కదా."

కోకిల నంబరు కలిపి, స్పీకర్ పెట్టి, ఫోన్ అమ్ములు చేతికిచ్చింది. రెండు చేతుల్తో పట్టుకుంది అమ్ములు. అవతల డాక్టర్ శరత్‌చంద్ర గొంతు వినిపించింది. వార్డులో ఉన్నట్టున్నాడు, వెనక ఏదో మిషను కూతలు.

తను ఎవరో చెప్పుకుంది. పసుపు సంగతి చెప్పింది. రంగు చూసి మోసపోయిన సంగతి చెప్పింది. రెండు వారాలుగా నీళ్ళలో క్లోరిన్ పొడి పడలేదని స్పష్టంగా, తడబడకుండా చెప్పింది. "నా తప్పే సార్. పుస్తకంలో ఉన్నది నమ్మద్దు."

"మీరు ఇప్పుడే చెప్పడం చాలా మంచిదైందమ్మా" అన్నాడు డాక్టరు. ఆ గొంతులో తిట్టు లేదు. "అంత వెచ్చటి నీళ్ళు, క్లోరిన్ లేదు, పైన ఆవిరి. అలాంటి నీళ్ళలో పెరిగే క్రిమి ఒకటుంది. ఆవిరితో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మేం ఇంతవరకూ ఇచ్చిన మందులకు లొంగదు. దానికి మందు వేరే ఉంది. పరీక్షకు పంపిస్తాను. ఫలితం కోసం ఆగను, ఈ గంటలోనే మందు మొదలుపెడతాను."

"పిల్ల బతుకుతుందా సార్?"

"బతికించడానికేనమ్మా నేనిక్కడ ఉన్నది. ఇవాళ పొద్దున కళ్ళు తెరిచింది. మీ గురించే అడిగింది, అమ్ములక్క వచ్చిందా అని."

అమ్ములు గోడకు ఆనుకుంది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఊపిరి పూర్తిగా తీసుకున్నట్టనిపించింది. ఇక పని పోయినా, పోలీసులొచ్చినా, ఆ ఒక్క మాట చాలు ఆమెకు. ఆ పిల్ల కళ్ళు తెరిచింది.

సరిగ్గా అప్పుడే టబ్ కిందనుంచి శంకర్ చెయ్యి బయటికి వచ్చింది. "అక్కా" అన్నాడు గొంతు బాగా తగ్గించి. "మెషిన్ బాగుంది. లైటు వెలుగుతోంది. ఓజోన్ పోయే గొట్టాన్ని ఎవరో నీళ్ళ పైపు నుంచి ఊడబీకినారు. ఓజోన్ బయటికి రాకుండా ఆ గొట్టం మూతికి ఇది చుట్టినారు. నువ్వేమన్నా చుట్టినావా?"

ఫోన్ ఒక చేతిలో పట్టుకుని, రెండో చేత్తో అమ్ములు దాన్ని అందుకుంది. తడికి మెత్తబడిన చిన్న టేపు ముక్క. నీలం రంగుది. ముడత విప్పి అరచేతిలో పరిచింది.

నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి.

తలెత్తింది. కోకిల కిటికీ దగ్గరే ఉంది, కాని ఇప్పుడు ఇటు తిరిగి ఉంది. ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు. తను ఇందాక నిలబడ్డట్టే దోషిలా, ఇప్పుడు ఆ మనిషి నిలబడి ఉన్నట్టు అమ్ములుకు అనిపించింది.

"ఇంకొక్క విషయమమ్మా" డాక్టరు గొంతు గది నిండా వినిపించింది. "దద్దుర్లొచ్చిన మిగతా ఇద్దరి గురించి కూడా ఆలోచించాలి. టబ్‌లో దిగిన వాళ్ళందర్నీ పిలిచి పరీక్ష చెయ్యాలా అన్నది దీన్నిబట్టి ఉంటుంది. క్లోరిన్ లేదు, సరే. మీ మేడం ఓజోన్ మెషిన్ ఉందన్నారు. కనీసం అది నడుస్తూనే ఉందా?"

అమ్ములు గుప్పిట బిగించింది. టేపు అంచు అరచేతికి మెత్తగా తగిలింది.

కోకిల పెదవులు కదిలాయి. పొద్దున్నుంచి ఒక్కసారైనా ఆమె నోట రాని మాట అది. ఫోన్‌లోకి వినపడకుండా, అమ్ములుకు మాత్రం వినపడేంత మెల్లగా వచ్చింది.

"అక్కా..."

"హలో? ఉన్నారా అమ్మా?" అన్నాడు డాక్టరు. "నడుస్తూ ఉందా, లేదా?"